తివాచీ కింద తడి

ఆయనకి నత్త అనే పేరు, ప్రైవేటు డిటెక్టివ్ కాకముందు, పోలీసు డిపార్టుమెంటులో ఉన్నప్పుడే పడింది. ఆ పేరు పెట్టినవాడు ఇప్పుడు ఇన్‌స్పెక్టరై, ఆయన వచ్చిన ఇంటి వరండాలో కుర్చీ వేసుకుని కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. పైగా స్వయానా తోడల్లుడు. అక్కాచెల్లెళ్ళని చేసుకున్నందుకు ఏ శుభకార్యానికి వెళ్ళినా పక్కపక్కన కూర్చుని భోంచెయ్యక తప్పదు. కేసుల దగ్గర మాత్రం ఒకరి పొడ ఒకరికి గిట్టదు.

"రండి అన్నయ్యగారూ! వచ్చే ఏటికి చేరతారనుకున్నాం. ఇవాళే వచ్చేశారే!" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

నత్త వెనకాల నిలబడ్డ నర్సమ్మాయి ముఖం చూస్తే ఎవరికైనా నోట్లో మాట ఆగిపోతుంది. డ్యూటీ నుంచి అలాగే వచ్చేసింది. ఆసుపత్రి బట్టలు మార్చుకోలేదు, తల దువ్వుకోలేదు, కళ్ళు మంకెనల్లా ఉన్నాయి. వాళ్ళమ్మ నిన్న పొద్దున్నించి కనపడటం లేదు, ఇది రెండో రోజు.

ఈ అమ్మాయి ఆయనకి కొత్త కాదు. ఏడాది కిందట ఇంకో పని మీద వచ్చింది. తన చిన్నతనంలోనే ఇల్లు వదిలి వెళ్ళిపోయిన తండ్రిని వెతికిపెట్టమంది. ఫొటో లేదు, ఉత్తరం లేదు. ఆమెకున్న ఆస్తల్లా ఒక్క జ్ఞాపకం. "నాన్న నన్ను రెండు చేతుల్తో గాల్లోకి ఎత్తారు సార్. కింద నీళ్ళు తళతళా మెరుస్తున్నాయి. అమ్మ ఎక్కడో కేకలు పెడుతోంది. నాకు మాత్రం భలే సరదాగా ఉంది. సముద్రం దగ్గరకి తీసుకెళ్ళారేమో, పడవ ఎక్కించారేమో." ఆ ఒక్క ముక్క పట్టుకుని నత్త తీరం పొడుగునా పడవల రేవులన్నీ తిరిగాడు. ఆనవాలు దొరకలేదు. ఆ సంగతి వాళ్ళమ్మకి తెలిసి, "పోయినవాణ్ణి వెతకడమెందుకు, నీకు నేను చాలనా?" అని కూతురితో వారం రోజులు మాట్లాడలేదట.

ఒక పనిలో ఓడిపోయినవాడి దగ్గరికే ఆ పిల్ల మళ్ళీ వచ్చింది.

"చూడండీ, విషయం చాలా తేలిక," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఇల్లు అన్నాచెల్లెళ్ళది. ముందు భాగం అన్నగారిది, వెనకాల అవుట్‌హౌస్ చెల్లెలిది. అన్న అమ్ముదామంటాడు, చెల్లెలు ససేమిరా అంటుంది. కొనేవాళ్ళు ఇవాళ ఐదింటికి బయానా ఇవ్వడానికి వస్తున్నారు. రేపట్నుంచి అవుట్‌హౌస్ పడగొట్టి అక్కడ గదులు కడతారట. అది చూళ్ళేక ఆవిడ అలిగి వెళ్ళిపోయింది. గదికి బయట తాళం, ఫోన్ ఆఫ్, చేతిసంచీ లేదు. ఇంకేం కావాలి మీకు?"

"అమ్మ అలిగితే అన్నం మానేస్తుంది. ఇల్లు వదిలి ఒక్క పూట కూడా వెళ్ళదు," అంది నర్సమ్మాయి. "నా దగ్గరికొచ్చి రెండు రోజులుండమ్మా అంటే, ఈ గది వదిలి రాలేనే అంటుంది. నా స్నాతకోత్సవానికి కూడా పొద్దున వచ్చి మధ్యాహ్నానికి వెళ్ళిపోయింది సార్."

"ప్రతి కూతురూ ఇలాగే చెబుతుంది," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"తాళం నువ్వు చూశావా తమ్ముడూ?" అని అడిగాడు నత్త.

"చూశాను. కిటికీలోంచి లోపలికి కూడా చూశాను. బయట తాళం వేసి ఉంటే లోపల మనిషెలా ఉంటుంది అన్నయ్యా? మీకు నేను పాఠం చెప్పాలా?"

నత్త పెరట్లోకి నడిచాడు. నర్సమ్మాయి, ఇన్‌స్పెక్టరు వెనకే వచ్చారు.

అవుట్‌హౌస్ ఒకే ఒక్క పొడుగాటి గది. దాని వెనక గోడ దాటితే ఇసుక, ఇసుక దాటితే సముద్రం. ఆ గాలికి ఇనుము ఏదీ నిలవదు. కిటికీ ఊచలు పొట్టు రేగి ఉన్నాయి. తలుపుకి వేసిన తాళం మాత్రం కనపడటం లేదు. నూనెలో తడిపిన గుడ్డపీలిక దాని చుట్టూ గట్టిగా చుట్టి, కొస కిందివైపుకి దోపి ఉంది. వాననీరు పట్టకుండా, ఉప్పు తగలకుండా వేసిన చుట్టు. పక్కనే తలుపు చట్రానికి కొట్టిన మేకుకి చిన్న తోలుసంచీలాంటిది వేలాడుతోంది. అంచులు కుట్టి, నొక్కుడు గుండీ పెట్టి ఉంది.

"ఇదేమిటమ్మాయ్?"

నర్సమ్మాయి దాన్ని చేతిలోకి తీసుకుని బొటనవేలితో నిమిరింది. "తాళం చొక్కా సార్. అమ్మ కుట్టుపని చేస్తుంది కదా. పీలికలు చుట్టడం ఆవిడకి అసహ్యం. అందుకని తాళానికి చొక్కా కుట్టింది. మామయ్య ఎగతాళి చేసేవాడు, 'ఇంక లాగూ కూడా కుట్టు' అని."

"మరి ఇప్పుడున్న చుట్టు ఎవరిది?"

"తాతయ్య నేర్పిన పద్ధతి. ఇంట్లో పుట్టి పెరిగినవాళ్ళకే వస్తుంది. నాకు రాదు. అమ్మకి వచ్చు గానీ చుట్టదు. ఇంక..." ఆమె మాట మింగేసింది.

నత్త వెనక్కి తిరిగి వీధి గేటు వైపు చూశాడు. గేటు తాళానికి కూడా అదే చుట్టు ఉండటం లోపలికి వస్తూనే గమనించాడు. ఇన్‌స్పెక్టరు వైపు చూడలేదు. చూడకపోయినా వెనక పచార్లు చేస్తున్న వాడి బూట్ల చప్పుడు ఆగిపోవడం తెలిసింది.

"తాళం వేసింది ఆవిడ కాదు తమ్ముడూ. ఆవిడే అయితే చొక్కా తొడిగి ఉండేది."

"తొందరలో మర్చిపోయి ఉండొచ్చు."

"తొందరలో ఉన్నవాళ్ళు తేలికపని చేస్తారా, కష్టమైన పని చేస్తారా? గుండీ నొక్కడం తేలికా, నూనెగుడ్డ వెతికి తెచ్చి చుట్టడం తేలికా?"

నత్త కిటికీకి ముఖం ఆనించాడు.

గది సినిమా సెట్టులా పొందికగా ఉంది. నట్టనడుమ ఎర్ర తివాచీ, దాని మీద దుప్పటి మడత నలగని మంచం. మంచం కింద ఒక జత చెప్పులు, ముందుకి తిప్పి, జతగా. గోడవారన పెద్ద చెక్కపెట్టె. కిటికీ పక్కన కుట్టుమిషను. మిషను ముందు ఉండాల్సిన స్టూలు మంచానికి అటువైపు ఇరుక్కుపోయి ఉంది.

"చూడమ్మా. నీకు ఏది తేడాగా కనపడుతోందో చెప్పు," అన్నాడాయన.

ఆ అమ్మాయి ఊచలు పట్టుకుని చూసింది. చూస్తూండగానే ఆమె వేళ్ళు తెల్లబడ్డాయి. "మంచం అక్కడ ఉండదు. మిషను దగ్గరికి దారే లేదు, అలా ఎలా కుడుతుంది? పెట్టె కూడా అక్కడుండదు సార్. గది మధ్యలో ఉండేది, గుడ్డల మూటలతో నింపి. నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ అది అక్కడే. దుమ్ము తుడుస్తానన్నా ఎవర్నీ కదపనిచ్చేది కాదు." ఆమె మంచం కిందికి వేలు చూపించింది. "అమ్మ చెప్పులు సార్! ఉన్నది ఒకటే జత. చెప్పులు లేకుండా ఎక్కడికి వెళ్ళింది?"

ఇన్‌స్పెక్టరు కూడా వచ్చి కిటికీలోంచి తొంగిచూశాడు.

"నువ్వు పొద్దున చూసినప్పుడు ఆ తివాచీ అంచు ఇలాగే ఉందా?" అన్నాడు నత్త.

"ఎలాగే?"

"నల్లగా."

ఎర్ర తివాచీకి ఒక పక్క అరచేయంత మేర రంగు ముదిరి ఉంది. నీడేమో అనుకోవచ్చు. కానీ ఆ పక్క నీడపడే వస్తువేదీ లేదు.

"గుర్తు లేదు," అన్నాడు ఇన్‌స్పెక్టరు కాస్త చిరాగ్గా. "తివాచీల రంగులు చూసుకోవడానికి వెళ్ళలేదు నేను."

* * *

బ్రోకరు హాల్లో పచార్లు చేస్తున్నాడు. ఇస్త్రీ చొక్కా, మాటకి ముందు నవ్వు, నవ్వుకి ముందు నమస్కారం. మాటిమాటికీ వాచీ చూసుకుంటున్నాడు. చూసుకున్న ప్రతిసారీ చూపు వెనక గుమ్మం వైపు, సముద్రం వైపు పోతోంది.

"నిన్న పార్టీని ఎప్పుడు తీసుకొచ్చారు?" అన్నాడు నత్త, సోఫాలో తీరిగ్గా కూర్చుంటూ.

"పొద్దున తొమ్మిది దాటాక సార్. ముందు ఇల్లంతా చూపించాను. అవుట్‌హౌస్‌కి తాళం వేసి ఉంది, బయట్నుంచే చూపించాను. లోపల అడుగు పెట్టలేదు సార్, ఒట్టు."

"ఇవాళ ఐదింటికి రమ్మన్నది మీరేనా?"

"నేనెందుకంటాను సార్!" అనేశాడు బ్రోకరు. వెంటనే నవ్వు తగిలించుకున్నాడు. "అంటే, నేను పొద్దున పది, పదకొండు మధ్య రమ్మన్నాను. వాళ్ళకి కుదరదన్నారు."

నర్సమ్మాయి చప్పున తలెత్తింది. "అమ్మ ఫోన్లో ఇదే మొత్తుకునేది సార్. ఈయన ఒక రోజు తెల్లారగానే వస్తాడు, ఇంకో రోజు ఎండెక్కాక వస్తాడు, ఒక వారం మధ్యాహ్నం భోజనాల వేళ వస్తాడు, ఒక లెక్కా పత్రం లేదు అని."

"లెక్క లేకేం, ఉంది," అన్నాడు నత్త. లేచి వెళ్ళి, గోడకున్న నిలువుటద్దాన్ని పక్కకి జరిపాడు. అద్దం వెనక పైనుంచి కిందదాకా గోడ చీలి ఉంది. మూలనున్న పూలకుండీ జరిపితే దాని కింద పలక విరిగి ఉంది. గుమ్మం దగ్గర చెప్పులన్నీ ముందుకి తిరిగి, జతలుజతలుగా, బడిపిల్లల్లా వరసలో ఉన్నాయి. "ఈ అద్దం, ఈ కుండీ, ఈ చెప్పుల వరస. అన్నీ మీ చేతివాటమే కదూ?"

"ఇల్లు అమ్మాలంటే కాస్త సింగారించాలి కద సార్. పెళ్ళికూతుర్ని జ్వరంతో చూపిస్తామా?"

"మంచిది. అవుట్‌హౌస్‌లో మంచం కింద చెప్పులు కూడా ఇదే పద్ధతిలో ఉన్నాయి. లోపల అడుగు పెట్టనివాడివి చెప్పులెలా సర్దావు?"

బ్రోకరు ముఖంలో నవ్వు ఉన్నపళంగా దిగిపోయింది.

"మంచంతో ఏ లోపం దాచావు? చెప్పు!" నత్త గొంతు పెంచడం ఇన్‌స్పెక్టరు ఎప్పుడూ వినలేదు. చల్లటి నీళ్ళలాంటి మనిషి. ఇప్పుడు బ్రోకరు మీదకి ఒక అడుగు వేశాడు.

"తడి సార్," అన్నాడు బ్రోకరు గొణుగుతూ. "ఆ గది నేల చెమరుస్తుంది. సముద్రం పోటు మీదున్నప్పుడు పెట్టె చుట్టూ తడి ఊరుతుంది. ఆటు వేళకి ఆరిపోతుంది. అందుకే ఎవరొచ్చినా ఆటు చూసుకునే రమ్మంటాను. ఆటు రోజుకింత ఆలస్యమవుతుంది కదా, నా టైము కూడా జరుగుతుంది. అంతే సార్, ఇందులో నేరమేముంది?"

"నిన్న ఏం చేశావు?"

"నేను వెళ్ళేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. మనిషి లేదు. పెట్టె పక్కకి జరిపేసి ఉంది, గుడ్డమూటలు నేలంతా. మధ్యలో ఒక గుండ్రటి రాతిమూత తీసి పక్కన పడేసి ఉంది. లోపల చీకటి, గబ్బు వాసన. ఆవిడ కావాలనే బేరం చెడగొట్టడానికి అలా తెరిచిపెట్టి పోయిందనుకున్నాను. పార్టీ కారు గేటు దగ్గరికి వచ్చేసింది. మూత వేసేశాను. మూటలు పెట్టెలో కుక్కాను. హాల్లోంచి తివాచీ తెచ్చి పరిచి, మంచం దాని మీదకి లాగాను." అతను ఊపిరి తీసుకున్నాడు. "మూత పక్కన చెప్పులుంటే మంచం కిందకి సర్దాను సార్."

నర్సమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ పిల్లకి అందరికంటే ముందే అర్థమైంది.

"ఏమిటా మూత?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నేలతొట్టి," అన్నారెవరో గుమ్మంలోంచి. ఇంటి యజమాని, అంటే కనపడకుండా పోయినావిడ అన్నగారు, ఎప్పుడొచ్చాడో వచ్చి గడప పట్టుకుని నిలబడ్డాడు. "ఇక్కడ బావినీళ్ళు ఉప్పన. వాననీళ్ళు పట్టుకోవడానికి మా తాత కట్టించాడు. గోడ పగిలి సముద్రపు నీళ్ళు ఊరడం మొదలయ్యాక మూసేశాం. ఎప్పటి మాటో అది. దాని మీద చెల్లి పెట్టె పెట్టుకుంది."

"అవుట్‌హౌస్‌కి తాళం వేసింది మీరు," అన్నాడు నత్త.

"నేనా? ఆ గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్నాను. అందరి ముందూ అన్నాను ఆ మాట."

"గేటు తాళానికీ ఆ తాళానికీ ఒకే చెయ్యి చుట్టిన చుట్టు. మీ చెల్లెలు తాళానికి చొక్కా తొడుగుతుంది. ఇంక అబద్ధాలాడే వ్యవధి లేదండీ."

పెద్దాయన భుజాలు జారిపోయాయి. "పార్టీ వెళ్ళాక చూస్తే తలుపు గాలికి ధనాధనా కొట్టుకుంటోంది. తాళం కప్ప గొళ్ళేనికే వేలాడుతోంది, నొక్కితే పడిపోయే రకం. 'చెల్లీ' అని పిలిచాను కూడా. పలకలేదు. నొక్కేశాను. చెయ్యి ఊరుకోలేక గుడ్డ చుట్టాను. అంతేనండీ! పొద్దున పోలీసులొచ్చేసరికి భయమేసి, నేను అటే వెళ్ళలేదన్నాను. పిలిచాను సార్, నిజంగా పిలిచాను!"

"మామయ్యా, అమ్మ లోపలే ఉంది!" అని అరిచింది నర్సమ్మాయి. అరుస్తూనే పెరట్లోకి పరుగెత్తింది.

నత్త బ్రోకరు చొక్కా పట్టుకున్నాడు. "పోటు ఎప్పటికి?"

"నాలుగు దాటాక సార్. ఇవాళ... ఇవాళ పున్నమి. నెలంతటికీ పెద్ద పోటు." అతని పెదాలు పాలిపోయాయి. "నిన్నటి నీళ్ళు మూత దాకా రాలేదు సార్. నేల మాత్రమే చెమర్చింది."

గోడ మీద గడియారం నాలుగుకి పావు తక్కువ చూపిస్తోంది. పరుగెత్తమంటే పంచె సర్దుకుని ఆలోచించే మనిషి నత్త, ఆ వేళ తోడల్లుడి కంటే ముందు పెరడు దాటాడు.

* * *

అవుట్‌హౌస్ కిటికీలోంచి చూస్తే తివాచీ సగం నల్లబడి ఉంది.

"పగలగొట్టు తమ్ముడూ!"

ఇన్‌స్పెక్టరు ఒక్క క్షణం తటపటాయించాడు. కాగితాలు, అనుమతులు, పొద్దున తాను రాసుకున్న రిపోర్టు, అన్నీ ఆ క్షణంలో కళ్ళముందు తిరిగి ఉంటాయి. తర్వాత తోటపని గునపం అందుకుని గొళ్ళెం కిందికి దూర్చి, ఒళ్ళంతా వేసి మీటాడు. ఉప్పు తిన్న మేకులు కదా, రెండో దెబ్బకే ఊడొచ్చాయి. చుట్టిన గుడ్డ చుట్టినట్టే ఉండి, తాళం నేలమీద పడింది.

అందరూ కలిసి మంచం ఎత్తి గోడకి కొట్టారు. తివాచీ లాగితే చపక్ చపక్‌మంది. రాతిమూత అంచుల చుట్టూ నీళ్ళు బుడగలు బుడగలుగా పైకి ఊరుతున్నాయి. బ్రోకరు హడావిడిగా నెట్టినప్పుడు వంకరగా బిగుసుకుపోయిందేమో, దాన్ని లేపడానికి గునపం, నాలుగు చేతులు, పెద్దాయన పంటి బిగువున పెట్టిన మూలుగు, అన్నీ కావలసి వచ్చాయి. మూత పక్కకి దొర్లగానే కుళ్ళిన నాచు వాసన గుప్పున కొట్టింది.

ముందు నీళ్ళే కనపడ్డాయి. చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో, నల్లగా. తర్వాత ఒక ముఖం కనపడింది.

ఆవిడ గోడలోంచి పొడుచుకొచ్చిన రాయి మీద నిలబడి, మెడ వెనక్కి వంచి, ముక్కు నీళ్ళపైన ఉంచుకుంది. జుట్టు చెంపలకి అంటుకుపోయింది. పెదాలు నీలం రంగు తిరిగాయి. కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి. ఆ కళ్ళు పైకి చూసి, ఒక్కొక్కరి ముఖాన్నీ లెక్కపెట్టుకున్నట్టు చూసి, కూతురి దగ్గర ఆగి, అక్కణ్ణించి పక్కకి తప్పుకున్నాయి.

"అమ్మా! అమ్మా! చెయ్యివ్వమ్మా!"

ఆవిడ చెయ్యివ్వలేదు. ఒక చెయ్యి గోడకి అతుక్కుని ఉంది. రెండో చెయ్యి నీళ్ళలో దేన్నో ఛాతీకి హత్తుకుని ఉంది. చీరముక్కతో కట్టిన మూట.

ఇన్‌స్పెక్టరు తడినేల మీద బోర్లాపడి, రెండు చేతులూ లోపలికి చాచాడు. అంత పొగరుమోతు మనిషీ యూనిఫాం సంగతి మర్చిపోయాడు. రాతి అంచు మోచేతిని కోసి రక్తం కారుతున్నా లెక్కచెయ్యలేదు. "మూట వదిలెయ్యండమ్మా! రెండు చేతులూ ఇవ్వండి! నీళ్ళు పెరుగుతున్నాయి!"

ఆవిడ తల అడ్డంగా ఊపింది. అలా ఊపినప్పుడు నీళ్ళు నోట్లోకి వెళ్ళి దగ్గొచ్చింది. దగ్గుతో కాలు రాయి మీంచి జారింది, మళ్ళీ నిలదొక్కుకుంది.

"నిన్నట్నుంచీ మా మాటలు వినపడలేదా చెల్లీ?" అన్నాడు పెద్దాయన ఏడుస్తూ. "నేను పిలిచాను కదే! పలికితే ఏం పోయేదే?"

"వినపడ్డాయి." గొంతు కాదు అది, గాలి. "అందరూ నా నెత్తిమీదే నడిచారు."

వినపడీ పలకలేదన్నమాట. బయటకి తీసి చావు తప్పించే చేతులు పైన ఉన్నా, ఆ చేతులు మూత తీస్తాయని భయపడిందన్నమాట. ఏడాదిగా ఎక్కడెక్కడో తిరిగి తాను వెతుకుతున్నదేమిటో, ఆ మూట ఎంత బరువుంటుందో, ఎందుకు ఈవిడ ఈ గదిని ఒక్క పూట కూడా వదిలి వెళ్ళలేకపోయిందో, అన్నీ నత్తకి ఒక్కసారే తెలిశాయి. ఇంకాస్త ఆలస్యంగా తెలిసినా బాగుండుననిపించింది.

ఆయన ఇన్‌స్పెక్టరు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, లోపలికి వంగాడు.

"అమ్మా, ఇటు చూడండి. మూట నాకివ్వండి. ఎవరికీ ఇవ్వను. మీరు పైకొచ్చేదాకా నేను పట్టుకుంటాను."

ఆవిడ ఆయన్ని చూసింది. కూతురు పురమాయించిన డిటెక్టివ్ ఇతనేనని గుర్తుపట్టిందో లేదో తెలీదు. నీళ్ళు పెదాల మీదికి వచ్చాయి. "ఎవరికీ..." అంది.

"ఎవరికీ."

మూట పైకి వచ్చింది. నత్త అందుకుని ఒడిలో పెట్టుకున్నాడు. నీళ్ళోడుతున్నా దాని బరువు పసిపిల్లంత కూడా లేదు. లోపల ఏవో గట్టివి ఒకదానికొకటి తగిలి చప్పుడు చేశాయి. తర్వాత ఇన్‌స్పెక్టరు ఒక రెక్క, పెద్దాయన ఒక రెక్క పట్టుకుని లాగారు.

ఆవిడ నేలమీద పడి నీళ్ళు కక్కింది. నర్సమ్మాయి తల్లిని పక్కకి తిప్పి, వీపు రుద్ది, నాడి పట్టుకుని, పెట్టెలోంచి గుడ్డమూటలు లాగి ఒంటి చుట్టూ చుట్టింది. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి, ముఖం మాత్రం చిన్నపిల్ల ముఖంలా వణుకుతోంది. బ్రోకరు బయట పెరటి గోడ దగ్గర చతికిలపడి రెండు చేతుల్లో తల పెట్టుకున్నాడు. ఇన్‌స్పెక్టరు అంబులెన్సుకి ఫోన్ చెయ్యడానికి బయటికి వెళ్ళాడు. పెద్దాయన దుప్పట్లు తెస్తానని ఇంట్లోకి పరుగెత్తాడు.

"ఎందుకు దిగావమ్మా అందులోకి?" అంది కూతురు, తల్లి చెంపలు రెండు చేతుల మధ్య పట్టుకుని. "ఎందుకు? ఎవరు దిగమన్నారు నిన్ను?"

"రేపు పడగొడతారట కదే." ఒక్కొక్క మాటకీ ఆవిడ ఆగుతోంది. "అంతలోపు... తీసేద్దామనుకున్నాను. నిచ్చెనమెట్టు విరిగింది. సంచీ, ఫోనూ నీళ్ళలో పడిపోయాయి. తర్వాత మూత పడింది."

"ఏం తీసేద్దామని?"

ఆవిడ కళ్ళు మూసుకుంది. మూసిన రెప్పల కిందినుంచి నీళ్ళు కారాయి. "మీ నాన్న ఎక్కడికీ వెళ్ళలేదమ్మా."

నర్సమ్మాయి మొదట తల్లి ముఖం చూసింది. తర్వాత నత్త ఒడిలో మూట చూసింది. తర్వాత ఎందుకో లేచి, తొట్టి అంచు దాకా నడిచి, కిందికి చూసింది. విరిగిన తలుపులోంచి ఏటవాలుగా ఎండ పడుతోంది. అప్పటిదాకా నల్లగా ఉన్న నీళ్ళు ఆ ఎండకి తళతళా మెరిశాయి. ఆ మెరుపు గోడల మీద, పైకప్పు మీద, ఆ పిల్ల ముఖం మీద ఊగింది.

ఆమె రెండు చేతులూ ఎవరో నడుం పట్టుకుని గాల్లోకి ఎత్తినట్టు కాస్త పైకి లేచాయి. అలాగే ఆగిపోయాయి.

"సార్," అంది. "అది సముద్రం కాదు సార్."

రెండు చేతులతో గాల్లోకి ఎత్తిన తండ్రి, కింద మెరిసే నీళ్ళు, ఎక్కడో కేకలు పెడుతున్న తల్లి. ఏడాది కిందట ఆ పిల్ల ఆ మాటలు చెప్పినప్పుడు ముఖంలో కనపడ్డ సంతోషం నత్తకి గుర్తొచ్చింది. ఆ సంతోషం ఇప్పుడు తన కళ్ళముందే చచ్చిపోవడం చూశాడు.

"అమ్మా," అంది ఆమె, వెనక్కి తిరక్కుండానే. "ఆ రోజు ఆయన నన్ను ఇక్కడే పట్టుకున్నారా? ఈ మూత తీసి?"

"తాగి ఉన్నాడు. నిన్ను ఇందులోకి వదిలేస్తానన్నాడు." తల్లి చెయ్యి నేలమీద పాకుతూ కూతురి పాదం వెతుక్కుంది. "నిన్ను లాక్కున్నాను. ఆయన్ని తోశాను. నిన్ను మాత్రం లాక్కున్నానే."

నర్సమ్మాయి ఒక్కసారిగా కూలబడి తల్లిని కరుచుకుంది. ఇద్దరూ ఏడుస్తుంటే ఎవరి గొంతు ఎవరిదో తెలియలేదు.

బయట వాకిట్లో ఇన్‌స్పెక్టరు బూట్ల చప్పుడు వినపడింది. గుమ్మంలోకి వచ్చి ఆగాడు. ఎంత నోటిదురుసువాడైనా తెలివితక్కువవాడు కాదు. నేలమీద ఇద్దర్ని చూశాడు, తెరిచి ఉన్న తొట్టి చూశాడు, చివరికి నత్త ఒడిలోకి చూశాడు. ప్రాణం పోతున్నా ఒక మనిషి వదలని వస్తువు ఏదైనా సరే, దాన్ని పోలీసు చూడకుండా వదలడు.

"అన్నయ్యా. ఏమిటా మూట?"

వెక్కిళ్ళు ఆగిపోయాయి. తల్లి కళ్ళు తెరిచి నత్త వైపు చూసింది. కూతురు కూడా చూసింది. ఎవరికీ ఇవ్వనని ఆయన ఇచ్చిన మాట గదిలో అందరికంటే గట్టిగా వినపడుతోంది. ఆ మాట ఎంతసేపు నిలుస్తుందో కూడా ఆయనకి తెలుసు. దూరంగా అంబులెన్సు కూత దగ్గరవుతోంది. అది వచ్చి ఆవిడని తీసుకుపోయేదాకా నిలిస్తే, కూతురి చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి వెళ్తుంది. అంతకుముందే తప్పితే, బేడీలతో వెళ్తుంది.

ఇన్‌స్పెక్టరు రక్తం కారే చెయ్యి చాచాడు. "ఇటివ్వండి. ఇప్పుడిది నా కేసు."

నత్త మూటని ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు. ముడి మీద వేళ్ళు పెట్టాడు. తొందరేమీ లేనట్టు ముడి పోగులు ఒక్కొక్కటే వెతకడం మొదలుపెట్టాడు.

"నెమ్మదిగా తమ్ముడూ," అన్నాడు. "తడిసిన ముడి. నా చేతికి ఇది అంత తొందరగా ఊడదు."